మూడంటే ఎంత

ఎడ్లను విత్తే గొర్రుకు కట్టేసరికి ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలైంది. పెట్టెలో పోసిన జొన్న విత్తనాలు ఎనిమిది సేర్లు. చేను రెండెకరాలు, అంటే ఎనభై గుంటలు. సాలు పొడవు తొంభై అయిదు గజాలు. గొర్రుకు మూడు పళ్ళు, పంటికీ పంటికీ మధ్య పద్దెనిమిది అంగుళాలు. నా లెక్క ప్రకారం ఎనిమిది సేర్లు ఎనభై గుంటలకూ సరిపోయి, చివర ఒక గుప్పెడు మిగలాలి. ఏడు గంటల యాభై అయిదు నిమిషాలకు పెట్టె ఖాళీ అయింది. అప్పటికి ఎడ్లు చేనులో నాలుగు సార్లు మాత్రమే నడిచాయి. మొత్తం మూడు వందల ఎనభై గజాలు. విత్తు పడింది అయిదు గుంటల లోపు నేలలో.

ఆ చేను జహీరాబాదుకు తొమ్మిది మైళ్ళ దూరంలో, మొగుడంపల్లి వైపు ఉంది. అరవైల మొదటి సంవత్సరాల మాట ఇది. పదిహేను నిమిషాలలో జరిగిన ఆ నష్టాన్ని అప్పట్లో కార్ఖానా కాగితాల్లో 'వడ్రంగి కొలత తప్పు' అని రాశారు. అది అబద్ధం. ఆ అబద్ధం రాసిన మనిషి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. అది అబద్ధమని తెలిసిన రెండో మనిషిని నేనే కనుక, ఆ కోపంలో సగం నాకే చెందుతుంది.

హైదరాబాదులో మెకానికల్ డిప్లొమా ముగించుకుని నేను జహీరాబాదులో ఒక చిన్న కార్ఖానాలో నక్షాలు గీసే పనికి కుదిరాను. అక్కడ నాగలి కర్రులు, చొప్ప కోసే యంత్రాలు తయారయ్యేవి. యజమానిని అందరూ సేట్ అనేవారు. ఆయనకు కొత్త గొర్రు ఒకటి తయారుచేసి అమ్మాలని కోరిక పుట్టింది. మామూలు గొర్రు వెనుక ఒక ఆడమనిషి నడుస్తూ, చెక్క గిన్నెలోకి గుప్పిట నుంచి గింజలు వదులుతుంది. ఎన్ని గింజలు పడాలో ఆమె వేళ్ళకు తెలుసు. ఆ వేళ్ళ పనిని ఒక చెక్క రోలరు చేయాలి. రోలరు చుట్టూ చిన్న చిన్న గూళ్ళు ఉంటాయి, చక్రంతో పాటు రోలరు తిరుగుతుంది, ఒక్కొక్క గూడు ఒక్కొక్క గింజను ఎత్తి గొట్టంలో వేస్తుంది. ఆలోచన సులువైనదే. దాన్ని పనిచేసే వస్తువుగా మార్చడం నాకు రాదు. అందుకని చిరాగ్‌పల్లి దారిలో, ఊరి చివర కొట్టం వేసుకున్న వృద్ధ వడ్రంగి దగ్గరకు నన్ను పంపారు. కార్ఖానా గేటు నుంచి ఆ కొట్టానికి నా నడకలో పదకొండు వందల నలభై అడుగులు. తొమ్మిది నెలలు ప్రతి మధ్యాహ్నం ఆ అడుగులు వేశాను.

మొదటి రోజుల్లో నేను ఆయనకు నేర్పడానికి వెళ్తున్నాననే అనుకున్నాను. టేకు చెక్కతో, అసలు గొర్రులో నాలుగో వంతు కొలతలో, పదకొండు రోజులు కూర్చుని ఒక నమూనా చేశాను. అతుకులు కనబడవు. పైన రెండు పూతలు వార్నిష్. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మస్తున్నది సారూ. పెండ్లిల పెట్టిస్తే ఎవ్వలన్న ముచ్చటపడ్తరు. నడుస్తదా మరి?"

"నడవకేం తాతా, లెక్క ప్రకారమే చేశాను."

ఆయన మూలనున్న బస్తాలోంచి పిడికెడు జొన్నలు తెచ్చి నా నమూనా పెట్టెలో పోసి చక్రం తిప్పాడు. రెండో చుట్టుకే రోలరు బిగుసుకుపోయింది. ఇంకొంచెం తిప్పితే గూడు అంచు పగిలింది.

"చూసినవా? మనిషిని చిన్నగ చేసినవు, ముద్దను చిన్నగ చెయ్యకపోతివి. రేపొచ్చేటప్పుడు దుకాణంల గసగసాలు పట్కరా. గవి మన జొన్నల ఎంతుంటయో చూడు, పావలొంతు. ఈ బొమ్మకు గవే జొన్నలు."

మూడేళ్ళ డిప్లొమా చదువులో ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు. యంత్రాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తే దాని గుండా పోయే గింజనూ నాలుగో వంతుకు తగ్గించాలి. జొన్న గొర్రు నమూనాకు గసగసాలు. శనగ గొర్రు నమూనాకు ఆవాలు. ఆయన కొట్టంలో చిన్న చిన్న మట్టి మూకుళ్ళలో ఈ గింజలన్నీ వరుసగా ఉండేవి. నా కంటికి అవి వంటింటి సరుకుల్లా కనబడ్డాయి. అవి ఆయన పరీక్ష సామగ్రి.

అప్పటి నుంచి నిజంగా నేర్చుకున్నాను. మొదటి నమూనా మెత్తని పొణికి చెక్కతో, ఆకారం కోసం మాత్రమే. రెండోదానిలో కదిలే భాగాలు ఉంటాయి, వార్నిష్ ఉండదు, మేకులు ఉండవు, ఎక్కడ తేడా వచ్చినా ఊడదీసి మార్చవచ్చు. దాన్ని ఆరడుగుల పొడవున్న తడి ఇసుక తొట్టిలో దారం కట్టి లాగాలి. లాగాక ఇసుక మీద పడ్డ గసగసాలను సూది మొనతో లెక్కపెట్టాలి. తేడా వస్తే రోలరు మార్చి మళ్ళీ లాగాలి. నలభై ఒక్క సార్లు లాగాను. మూడోది అసలు కొలతలో, పాత పెట్టెల చెక్కతో. అది కార్ఖానా వెనుక ఖాళీ జాగాలో నిజం జొన్నలతో నడిచిన తరువాతే తుమ్మ కర్ర కొయ్యాలి.

"గింజను అడుగు," అనేవాడు ఆయన, నేను పుస్తకం తెరిచినప్పుడల్లా. "కాయితం నువ్వేం రాస్తే గది ఒప్పుకుంటది. గింజ ఒప్పుకోదు."

ఆయన దగ్గర కాగితం లేదు. నాలుగడుగుల తుమ్మ కర్ర ఒకటి ఉండేది. గొర్రుకు సంబంధించిన ప్రతి కొలతా దాని మీద గాట్లుగా ఉండేది. పెట్టె వెడల్పు ఒక ముఖం మీద, పళ్ళ ఎడం మరో ముఖం మీద, రోలరు, గూళ్ళు చివర. ఆయన లెక్క అంతా అంగుళాలలో, సూతులలో. అంగుళానికి ఎనిమిది సూతులు. ఈ ప్రాంతంలో వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ అందరికీ అదే కొలత. అంగుళం కంటే తక్కువైన ఏ కొలతకూ వాళ్ళు సూతు అనే మాటను విడిగా చెప్పరు. 'రెండు పట్టు', 'మూడు కొయ్యి' అంటే రెండు సూతులు, మూడు సూతులు. నేను కూడా తొమ్మిది నెలలు ఆ కొట్టంలో అలాగే మాట్లాడాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే దీని తరువాత నాకు క్షమకు చోటు లేదు.

చింత మొద్దుతో చేసిన మా అసలు రోలరులో గూడు వెడల్పు ఒకటింపావు సూతు, లోతు ఒక సూతు. గూటికి ఒక గింజ, అప్పుడప్పుడు రెండు. ఎన్నిసార్లు నడిపినా అంతే. ఆ రోలరు పనిచేసింది. నేను జీవితంలో చేసిన వస్తువుల్లో, చేతులతో నిజంగా అర్థం చేసుకుని చేసిన మొదటి వస్తువు అది.

ఇక చేనులో చూపాలి. సేట్ హైదరాబాదు నుంచి ఇద్దరు అధికారులను పిలిచాడు. వాళ్ళు చూసి మెచ్చితే ప్రభుత్వ సహాయం వస్తుందని ఆయన ఆశ. చేను ఇవ్వడానికి ఏ రైతూ ఒప్పుకోలేదు. యాసంగి జొన్న వానల మీద పండేది కాదు. వానాకాలం నేల పట్టుకున్న పదును మీద పండుతుంది. పదును ఉన్న వారం పది రోజుల్లో విత్తు పడకపోతే ఆ ఏడు పోయినట్టే. చివరకు వడ్రంగే ఒక రైతు దగ్గర చేను అడిగి తెచ్చాడు. భర్త పోయిన ఆడమనిషి. ఆయన ఆమెకు నాగళ్ళు, గొర్లు చేసి ఇస్తాడు, ఆమె ప్రతి పంటకూ ఆయనకు గింజలు కొలుస్తుంది. అటువంటి ఇళ్ళు ఆయనకు పదకొండు. ఆయన బతుకు ఆ పదకొండు ఇళ్ళ నమ్మకం మీద నడిచేది.

"సారూ, ఒక్కమాట ఇను," అన్నాడు ఆ రోజు. "నా మొకం చూసి ఇస్తున్నది చేను. ఆమె దగ్గర ఇత్తనాలు ఎనిమిది సేర్లే ఉన్నయి, మంచి కంకులు ఏరి దాసుకున్నది. గవి పోతే మల్ల లెవ్వు. జర పైలం."

"ఫికర్ చేయకు తాతా," అన్నాను. ఆయన భాషలోనే అన్నాను. చాలా ధైర్యంగా అన్నాను.

అధికారులు రావడానికి పన్నెండు రోజుల ముందు సేట్‌కు కొత్త సంగతి తెలిసింది. సర్కారుకు పంపే నక్షాలన్నీ మెట్రిక్ కొలతల్లో ఉండాలి. అంగుళాలు మారుతున్న రోజులు అవి. సేట్ నన్ను పిలిచి, "రోలరు కాగితం కొత్తగా గియ్యి. పాత రోలరు నూనె తాగి నల్లగైంది, దొరల ముందట పెట్టేటట్టు లేదు. కొత్త కాగితం మీద కొత్త రోలరు చేయించు, పెట్టెకు ఇత్తడి గొళ్ళెం పెట్టించు," అన్నాడు.

గీశాను. ఒకటింపావు సూతు అంటే నాలుగు మిల్లీమీటర్లు. ఒక సూతు అంటే మూడు మిల్లీమీటర్లు, దశాంశాలు వదిలేస్తే. గూటి వెడల్పు దగ్గర 4 అని, లోతు దగ్గర 3 అని రాశాను. కొలతలన్నీ మిల్లీమీటర్లలో అని కింద కుడి మూల ఇంగ్లీషులో, నియమం ప్రకారం, ఒక సూతు ఎత్తున్న అక్షరాలతో రాశాను. చాలా శుభ్రమైన నక్షా. రోలరు పొడవూ లావూ పాత రోలరు ప్రకారమే ఉంచమని కబురు చెప్పి ఆ కాగితం వడ్రంగికి పంపాను. ఇంగ్లీషు ఆయనకు రాదని నాకు తెలుసు. అంకెలు వచ్చని కూడా తెలుసు.

మూడు రోజుల తరువాత, సాయంత్రం నాలుగు గంటలకు, ఆయన కాగితం పట్టుకుని కార్ఖానా ఆఫీసు గడప దగ్గరకు వచ్చాడు. సేట్ లోపల ఎవరితోనో చాయ్ తాగుతున్నాడు. నేను బల్ల మీద ఇంకో నక్షాకు సిరా దిద్దుతున్నాను.

"సారూ, ఈ గూడు లోతు మూడా?"

"మూడే తాతా."

"ఎడల్పు నాలుగా?"

"నాలుగే. కాగితంలో ఉన్నట్టే చెయ్యి."

సేట్ నవ్వాడు. "ఏం ముసలాయనా, అంకెలు గూడ మరిచినవా? కండ్లద్దాలు కొనియ్యాల్నా?"

"అంకెలు మరువలే సేట్. మరువకనే అడుగుతున్న."

ఆయన మెట్లు దిగుతూ ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. పిలిచి అడగలేదు. సిరా ఆరిపోతుందని నా బాధ. ఆయన ఏమన్నాడో నాకు చేనులో తెలిసింది. "అయితే శనగలకన్నమాట," అన్నాడట.

మూడు సూతుల లోతు, నాలుగు సూతుల వెడల్పు ఉన్న గూడు శనగ గింజకు సరిగ్గా సరిపోతుంది. శనగ గొర్రు గురించి సేట్ అంతకు ముందు ఎన్నోసార్లు మాట్లాడాడు. కనుక ఆయన అనుకున్నదాంట్లో తర్కం ఉంది. నేను రాసిన దాంట్లోనూ తర్కం ఉంది. 'మూడే' అన్న నా మాటలో మాత్రం లేదు. ఆ కొట్టంలో తొమ్మిది నెలలు కూర్చున్న మనిషి, ఒక వడ్రంగితో ఉత్త 'మూడు' అని అనకూడదు. ఏం మూడు అని నేనే చెప్పాలి.

కొత్త రోలరు అధికారులు రావడానికి ముందు రోజు సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకు వచ్చింది. కార్ఖానా దిక్కు వస్తున్న బండివాడి చేత, గుడ్డలో మూట కట్టి పంపాడు. మూట నేరుగా ఫిట్టరు చేతికి వెళ్ళింది. తెల్లవారుజామునే గొర్రు బండి ఎక్కాలి. కార్ఖానా వెనుక జాగాలో ఒకసారి నడిపి చూస్తే ఇరవై అయిదు నిమిషాలు పట్టేది. అడిగాను కూడా.

"ఎందుకు? గదే కొలత గద, కాగితం మారింది గంతే," అన్నాడు సేట్.

అవునన్నాను. ఆ మూట ముడి విప్పి ఒక్కసారి చూస్తే చాలు. అంత పెద్ద గూళ్ళను చూసి గుర్తుపట్టలేని గుడ్డివాణ్ణి కాను. ముడి విప్పలేదు. ఫిట్టరు రోలరును పెట్టెలో దించి, పైన మూత వేసి, సేట్ కోరిన ఇత్తడి గొళ్ళెం బిగించాడు.

ఇక చేను. వడ్రంగి తన ఇంటి నుంచి నేరుగా అక్కడికి వచ్చాడు. పెట్టెలో పాత రోలరే ఉందని ఆయన నమ్మకం. ఆమె విత్తనాల మూట తెచ్చి, "అన్నా, పొయ్యనా?" అంది. "పొయ్యి చెల్లె," అన్నాడు. గొళ్ళెం పెట్టాక గింజ ఎవరికీ కనబడదు. గొట్టాలు భూమిలోకి పోతాయి, వెనుక లాగే దుంగ సాలును పూడ్చేస్తుంది. మామూలు గొర్రు అయితే మొదటి పది గజాల్లోనే ఆమె గుప్పిటకు తెలిసేది. అధికారులు గట్టు మీద నిలబడి తలలు ఊపారు. ఎడ్లు నాలుగోసారి మళ్ళేటప్పుడు ఆమె అంది:

"అన్నా, పెట్టె గలగలమంటున్నది. లోపల ఇత్తులున్నయా?"

గొళ్ళెం తీశాము. అడుగున తొమ్మిదో పదో గింజలు ఉన్నాయి.

వడ్రంగి పెట్టె కిందికి చెయ్యి పెట్టి, ఇరుసు పక్క చీల ఊడదీసి రోలరును బయటికి లాగాడు. గూటిలో చిటికెన వేలు పెట్టాడు. వేలు కొస గూటిలో కూర్చుంది.

"ఇది శనగలది," అన్నాడు. "ఇందుల జొన్నలెవరు పొయ్యుమన్నరు?"

"నువ్వే గద అన్నా," అంది ఆమె.

ఆమె సాలు దగ్గర కూర్చుని మట్టి తీసింది. ఒక్కొక్క చోట ఇరవైకి పైగా జొన్నలు కుప్పగా ఉన్నాయి. తరువాత నేను లెక్కవేసి చూస్తే గూటికి ఇరవై ఆరు పడతాయని తేలింది. ఆమె వాటిని ఏరడం మొదలుపెట్టింది. మూడు వందల ఎనభై గజాలు, మూడు సాళ్ళు. తడి మట్టి అంటిన గింజల్లో చేతికి వచ్చేవి కొన్నే.

సేట్ గట్టు మీద అధికారులతో అంటున్నాడు. నాకు స్పష్టంగా వినబడింది. "చదువు రాని వడ్లాయన సార్. కాగితంల మూడు అని రాస్తే ఏందో అనుకున్నడు. కొలత తప్పిండు."

వడ్రంగి నా వైపు చూశాడు. తిట్టలేదు. అడగలేదు. ఆయన చూసింది నేను ఏమంటానోనని. నాకు అప్పటికే అంతా అర్థమైంది, కాగితం, కుడి మూల, అక్షరాలు, 'మూడే'. అధికారులు నిలబడి ఉన్నారు, నేను ఒక్క వాక్యం చెప్తే చాలు. చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం అని ఎన్నో ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. తప్పు నాదని పదిమందిలో ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

రెండు రోజుల తరువాత ఆయన కొట్టానికి వెళ్ళాను. కాగితం గోడకు గుచ్చి ఉంది.

"ఈ మూలకు ఏం రాసినవు సారూ?"

చెప్పాను.

"గింత సన్నగనా?"

"నియమం అంతే తాతా."

"ఎవని నియమం? కొయ్యెటోనికి తెల్వకుండ రాసుడు ఎవని నియమం?" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "నేను గడప దాకొచ్చి అడిగితిని. కాళ్ళు నొయ్యంగ నడిచొచ్చి అడిగితిని. ఏం మూడు అని నీ నోట్లకెల్లి ఒక్క మాట రాకపాయె. నీకు సూతు తెల్వదా? నా దగ్గరనే నేర్చినవు గదర!"

'సారూ' నుంచి 'గదర'కు ఆయన మారిన ఆ క్షణంలోనే నా తొమ్మిది నెలల చదువు ముగిసింది. మళ్ళీ రావద్దన్నాడు. కొలత కర్ర ఇవ్వమన్నాడు. అది నక్షాలు గీయడానికి కార్ఖానాకు తెచ్చుకున్నాను. వెళ్ళి వెతికితే దొరకలేదు. ఆఫీసు శుభ్రం చేసినవాళ్ళు చాయ్ పొయ్యిలో పెట్టారని తరువాత తెలిసింది. సేట్ దానికీ నవ్వాడు. "కర్ర గద, ఇంకోటి కొట్టుకుంటడు తీ," అన్నాడు. నలభై ఏళ్ళ గాట్లు అవి. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించను.

మూడు నెలలకు ఒక పేజీ రాశాను. తప్పు నక్షాది, నాది, వడ్రంగిది కాదు అని. సంతకం పెట్టి సేట్ చేతికిచ్చి అధికారులకు పంపమన్నాను. ఆయన దాన్ని సొరుగులో పెట్టాడు. నేను ఉద్యోగం మానేసిన రోజు కూడా అది సొరుగులోనే ఉంది. మరుసటి ఏడు పాత చింత రోలరుతో, అదే గొర్రును, తన కార్ఖానా ముద్ర వేసి ఆయన అమ్మాడు. చక్కగా పనిచేసింది. పనిచేయకుండా ఎలా ఉంటుంది?

ఉద్యోగం మానేసిన వారంలో ఆ చేనుకు వెళ్ళాను. కోతలు అయిపోయాయి. ఆమె కొట్టంలో చొప్ప కట్టలు చాలా కొద్దిగా ఉన్నాయి. తప్పు ఎవరిదో చెప్పాను.

"అన్న చెప్పలే నాకు," అంది. "ఎన్నిసార్లు అడిగినా నాదే అన్నడు. ఇత్తులు చూసుకోకుంట పొయ్యుమన్నది నేనే గద అన్నడు." మళ్ళీ అంది: "గప్పుడు గట్టు మీద నిలవడి చెప్పాలె సారు. ఇప్పుడొచ్చి నాకు చెప్తే నా చేనుకు తెలుస్తదా?"

ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఉన్నవి అంకెలే. అవి ఇవి.

విత్తనాలు ఎనిమిది సేర్లు. మట్టిలో నుంచి ఏరి తిరిగి తెచ్చినవి సేరున్నర. అయిదు రోజుల తరువాత బదులు దొరికినవి మూడు సేర్లు. అప్పటికి పైపదును ఆరింది. మొలిచింది ముప్పై గుంటలు. ఎప్పుడూ నాలుగు బస్తాలు పండే చేనులో ఆ ఏడు ఒకటింపావు. చొప్ప చాలక అమ్ముకున్న ఎద్దు ఒకటి. వడ్రంగికి గింజలు కొలిచే ఇళ్ళు పదకొండు, తరువాతి పంటకు ఏడు. కొలత కర్ర ఒకటి. నా పని తొమ్మిది నెలలు. ఆదా చేసిన సమయం ఇరవై అయిదు నిమిషాలు. చెప్పకుండా వదిలేసిన మాట ఒకటి, సూతులా మిల్లీమీటర్లా అని.